టామీ జాన్ మోచెయ్యి: ఒక పిచ్చర్ కెరీర్, ఒక ఆపరేషన్, దాని చుట్టూ పెరిగిన అపోహలు

2023 సెప్టెంబరులో జపాన్ నుంచి వచ్చిన బేస్‌బాల్ ఆటగాడు షోహెయి ఒహ్తాని మోచేతి లిగమెంట్‌కి ఆపరేషన్ జరిగింది, అది కూడా రెండోసారి. మూడు నెలలు తిరక్కుండానే లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు అతనితో పదేళ్లకి 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. క్రికెట్ చూస్తూ పెరిగి, అమెరికా వెళ్లాక బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టిన మనవాళ్లకి ఇక్కడే తికమక మొదలవుతుంది. బంతి విసిరే చెయ్యి రెండుసార్లు పాడైన ఆటగాడికి అంత డబ్బు ఎందుకు ఇస్తారు? ఈ ఆపరేషన్ అయ్యాక చెయ్యి ఇంకా గట్టిపడుతుందని కొందరు అంటారు, అది నిజమేనా? ఇంత మంది పిచ్చర్లకి, అంటే బంతి విసిరే ఆటగాళ్లకి, ఒకే చోట దెబ్బ ఎందుకు తగులుతోంది?

ఈ రకం ఆపరేషన్లన్నిటినీ జనం టామీ జాన్ సర్జరీ అనే పిలుస్తారు. టామీ జాన్ డాక్టర్ కాదు, ఆ ఆపరేషన్ మొదటగా చేయించుకున్న పిచ్చర్. 26 సీజన్లు ఆడి 288 విజయాలు సాధించిన మనిషి పేరు ఇవాళ ఆసుపత్రి కాగితాల్లోనే ఎక్కువ కనిపిస్తోంది. అతని కెరీర్‌ని మొదటి నుంచి చూస్తే పై ప్రశ్నల్లో చాలావాటికి జవాబులు దొరుకుతాయి.

పిచ్చర్ చేసే పని, మోచెయ్యి మోసే భారం

బ్యాటర్ నిలబడే చోటుకి 18.44 మీటర్ల దూరంలో, పది అంగుళాల ఎత్తున్న మట్టి దిబ్బ మీద నిలబడి పిచ్చర్ బంతి విసురుతాడు. క్రికెట్ బౌలర్‌కి ఉన్నట్టు పరుగెత్తుకొచ్చే వీలు లేదు, నిలబడ్డ చోటు నుంచే, ఒక్క అడుగు ముందుకు వేసి విసరాలి. ఇంకో పెద్ద తేడా ఏమిటంటే, క్రికెట్‌లో బంతి వదిలేటప్పుడు మోచెయ్యి 15 డిగ్రీలకి మించి నిటారు కాకూడదు, అలా అయితే అది నో బాల్. పిచ్చర్‌కి అలాంటి నిబంధన లేదు కాబట్టి చెయ్యి బాగా వంచి, భుజం వెనక్కి తిప్పి, ఒక్కసారిగా ముందుకు లాగుతాడు. అందుకే మన ఫాస్ట్ బౌలర్లు నడుము నొప్పితో ఆటకి దూరమవుతుంటే పిచ్చర్లు మోచేతితో దూరమవుతారు.

మోచేతి లోపలి వైపు, పై చేతి ఎముకనీ కింది ఎముకనీ కలుపుతూ చిన్న త్రికోణం లాంటి కట్టు ఒకటి ఉంటుంది. దాని పేరు అల్నార్ కొలాటరల్ లిగమెంట్. చెయ్యి వెనక్కి వెళ్లి ముందుకు తిరిగే ఆ క్షణంలో మోచెయ్యి బయటికి విచ్చుకుపోకుండా పట్టి ఉంచేది ఇదే. బలంగా విసిరిన ఒక్కో బంతికి మోచేతి మీద పడే ఒత్తిడి, ఈ లిగమెంట్ ఒంటరిగా మోయగలిగే దానికి దాదాపు రెట్టింపు ఉంటుందని ప్రయోగశాల కొలతలు చెబుతున్నాయి. మిగతా భారం ముంజేతి కండరాలు పంచుకుంటాయి. అవి అలిసిపోతే వాటి వాటా కూడా లిగమెంట్ మీదే పడుతుంది. కాబట్టి చాలాసార్లు ఇది ఒక్క బంతితో తెగేది కాదు. ఏళ్ల తరబడి చిన్నచిన్న చీలికలు పడుతూ వచ్చి ఏదో ఒక రోజు తెగిపోతుంది.

ముందుకు వెళ్లే ముందు రెండు లెక్కలు తెలియాలి. మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్‌ని స్టార్టర్ అంటారు, మామూలుగా జట్టుకి ఐదుగురు ఉంటారు, వంతుల వారీగా దిగుతారు. ఒక పిచ్చర్ ఉండగా జట్టు ఆధిక్యం సంపాదించి చివరిదాకా నిలబెట్టుకుంటే ఆ విజయం, కొన్ని షరతులతో, అతని ఖాతాలో రాస్తారు. ఇక ఈఆర్ఏ అంటే, ఫీల్డర్ల తప్పు వల్ల వచ్చినవి తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి, సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడు అని. ఆరు ఇన్నింగ్స్ వేసి రెండు పరుగులు ఇస్తే, రెండుని ఆరుతో భాగించి తొమ్మిదితో గుణించాలి, 3.00 వస్తుంది. ఇది ఎంత తక్కువైతే అంత మంచిది.

వేగం తక్కువ, గెలుపులు ఎక్కువ

టామీ జాన్ 1943లో ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హోట్‌లో పుట్టాడు. ఎడమచేతి వాటం. 1963లో క్లీవ్‌లాండ్ తరఫున అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు, 1965 నుంచి ఏడు సీజన్లు షికాగో వైట్ సాక్స్‌కి ఆడాడు, 1971 డిసెంబరులో వైట్ సాక్స్ అతన్ని డాడ్జర్స్‌కి ఇచ్చి బదులుగా డిక్ ఆలెన్ అనే బ్యాటర్‌ని తీసుకుంది. అప్పట్లో ఆటగాళ్లకి ఇందులో మాట చెల్లేది కాదు, ఒక జట్టుతో సంతకం పెడితే వాళ్లు వదిలేదాకా లేదా ఇంకొకరికి ఇచ్చేదాకా అక్కడే.

అతని ఆయుధం సింకర్. బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి బంతి కిందికి దిగిపోతుంది, బ్యాటర్ దాని నెత్తి మీద కొడతాడు, అది నేల మీద దొర్లుకుంటూ ఫీల్డర్ చేతిలోకి వెళుతుంది. పిచ్చర్ సొంతంగా బ్యాటర్‌ని అవుట్ చేయడాన్ని స్ట్రైక్‌అవుట్ అంటారు. జాన్ కెరీర్ మొత్తం 4,710 ఇన్నింగ్స్‌లో 2,245 స్ట్రైక్‌అవుట్లు చేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి లెక్కేస్తే 4.3 కూడా రావు. ఇవాళ మేజర్ లీగ్ సగటే ఎనిమిదికి పైన ఉంది. అంటే అతను ప్రతి బంతినీ ప్రాణం పెట్టి విసరలేదు, బ్యాటర్‌ చేత కొట్టించి ఫీల్డర్లతో పని కానిచ్చాడు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి, వేగం గురించిన చర్చలో మళ్లీ అవసరమవుతుంది.

1974 జులై 17

డాడ్జర్ స్టేడియంలో మాంట్రియాల్ ఎక్స్‌పోస్‌తో మ్యాచ్. ఆ సీజన్‌లో అప్పటికి జాన్ 13 గెలిచి మూడే ఓడాడు, ఈఆర్ఏ 2.59. మంచి ఊపు మీదున్నాడు. సింకర్ విసిరాడు, చేతిలో ఏదో తెగిపోయినట్టయింది. అనుమానం తీరక ఇంకో బంతి విసిరి చూశాడు. అంతే, మూడో దానికి ప్రయత్నించకుండా మైదానం వదిలి నడిచి వచ్చేశాడు. అప్పటికి వయసు 31.

అప్పటిదాకా పిచ్చర్లకి ఇలా జరిగితే చెయ్యి చచ్చిపోయిందనేవారు, కెరీర్ అయిపోయేది. డాడ్జర్స్‌కే ఆడిన, ఆ తరంలో అందరికంటే గొప్ప ఎడమచేతి పిచ్చర్ అనిపించుకున్న శాండీ కౌఫాక్స్ మోచేతి కీలు అరిగిపోయి 1966 సీజన్ అవగానే 30 ఏళ్లకే ఆట వదిలేశాడు. అతని జబ్బు వేరే, కానీ ఆ రోజుల్లో పాడైన మోచేతికి వైద్యుల దగ్గర ఉన్నది ఐస్, ఇంజక్షన్, విశ్రాంతి మాత్రమే.

జాన్‌ని చూసిన డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ముందు విశ్రాంతితో తగ్గుతుందేమో చూశాడు. తగ్గలేదు. పోలియో రోగుల చేతుల్లో ఒక చోటి టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) తీసి ఇంకో చోట అతికే శస్త్రచికిత్స అప్పటికే ఉంది, దాన్నే పిచ్చర్ మోచేతికి వాడొచ్చని జోబ్ ఆలోచన. మళ్లీ ఆడే అవకాశం ఎంతని అడిగితే నూటికి ఒకటి అన్నాడు. ఆపరేషన్ లేకపోతే అది కూడా లేదు. 1974 సెప్టెంబరు 25న జాన్ బల్ల ఎక్కాడు.

ఆపరేషన్‌లో చేసేది ఏమిటి

మీ బొటనవేలినీ చిటికెన వేలినీ ఆనించి మణికట్టుని కొంచెం లోపలికి వంచి చూడండి. మణికట్టు మధ్యలో తాడులా ఒకటి పైకి లేస్తుంది. దాని పేరు పాల్మారిస్ లాంగస్. లేకపోయినా మనిషికి పెద్ద నష్టం లేదు, కొందరికి అసలు పుట్టుకతోనే ఉండదు. జోబ్ జాన్ కుడి మణికట్టు నుంచి ఈ టెండన్ తీసి, ఎడమ మోచేతి ఎముకలకి చిన్న రంధ్రాలు చేసి, వాటి గుండా ఎనిమిది అంకె ఆకారంలో దూర్చి బిగించాడు.

అసలు కష్టం ఆ తర్వాతే. టెండన్ అంటే కండరాన్ని ఎముకకి కట్టేది, లిగమెంట్ అంటే ఎముకని ఎముకకి కట్టేది. కొత్త చోట ఆ టెండన్‌కి రక్తప్రసరణ ఏర్పడాలి, మెల్లగా అది లిగమెంట్‌లా మారాలి. దీన్ని తొందరపెట్టడం ఎవరి వల్లా కాదు, అందుకే ఈరోజుకీ పిచ్చర్లకి 12 నుంచి 18 నెలలు పడుతోంది. జాన్‌కి ఇది చాలదన్నట్టు మోచేతి నరం దెబ్బతిని వేళ్లు ముడుచుకుపోయాయి, చెయ్యి గద్దగోరులా తయారైంది. డిసెంబరులో మళ్లీ ఆపరేషన్ చేశారు. 1975 సీజన్ అంతా పోయింది. శరీర కదలికల శాస్త్రం చదువుకున్న సహచర పిచ్చర్ మైక్ మార్షల్ సాయంతో విసిరే తీరు మార్చుకున్నాడు. 1976 ఏప్రిల్‌లో మళ్లీ మైదానంలోకి దిగాడు, ఆ ఏడాది 10 గెలిచి 10 ఓడాడు. అంకెగా చూస్తే మామూలే, కానీ అంతకుముందు ఈ దెబ్బ నుంచి తిరిగొచ్చిన పిచ్చరే లేడు.

ఆపరేషన్ తర్వాత చెయ్యి ఇంకా బాగుపడిందా?

ఇక్కడే ఒక అపోహ పుట్టింది. అంకెలు పైపైన చూస్తే ఎవరైనా నమ్మేస్తారు. జాన్ మొత్తం 288 విజయాల్లో దెబ్బకి ముందువి 124, తర్వాతవి 164. ఒకే సీజన్‌లో 20 లేదా అంతకంటే ఎక్కువ గెలవడం మూడుసార్లు జరిగితే మూడూ ఆపరేషన్ తర్వాతే: 1977లో 20, 1979లో 21, 1980లో 22.

కాస్త లోపలికి వెళ్లి చూద్దాం. 1967లో వైట్ సాక్స్‌కి ఆడినప్పుడు అతని ఈఆర్ఏ 2.47, చాలా గొప్ప అంకె, అయినా ఆ ఏడాది 10 గెలిచి 13 ఓడాడు. 1980లో న్యూయార్క్ యాంకీస్‌కి ఆడినప్పుడు ఈఆర్ఏ 3.43, అంటే ఎక్కువ పరుగులే ఇచ్చాడు, కానీ 22 గెలిచి తొమ్మిదే ఓడాడు. 1967 నాటి కాలమే పిచ్చర్లకి అనుకూలం, ఆ మాట నిజమే. కానీ అసలు తేడా జట్టులో ఉంది. వైట్ సాక్స్ బ్యాటర్లు పరుగులు చేసేవాళ్లు కాదు, డాడ్జర్స్, యాంకీస్ ఆ రోజుల్లో టైటిల్ కోసం పోటీపడే జట్లు. పైగా దెబ్బ తగిలే ముందు 1974లోనే 13 గెలిచి మూడే ఓడాడని చెప్పుకున్నాం కదా, అప్పటికే అతను మంచి దశలోకి వచ్చేశాడు. ఆపరేషన్ అతనికి ఇచ్చింది కొత్త చెయ్యి కాదు, ఉన్న నైపుణ్యం ఇంకో 14 సీజన్లు వాడుకునే వీలు.

ఈనాటి పరిశోధనల సారం కూడా ఇంతే. ఆపరేషన్ అయిన మేజర్ లీగ్ పిచ్చర్లలో నూటికి 80 మందికి పైగా తిరిగి మేజర్ లీగ్‌లో ఆడుతున్నారు, నూటికి ఒకటితో మొదలైన దానికి ఇది అద్భుతమే. అయితే తిరిగి రావడం వేరు, పాత స్థాయిలో ఆడటం వేరు, రెండో దానికి శాతం తగ్గుతుంది. రెండోసారి ఆపరేషన్ అయితే ఇంకా తగ్గుతుంది. వేగం పెరుగుతుందని తేలలేదు. మరి కొందరు కుర్రాళ్లు ఆపరేషన్ తర్వాత ఎక్కువ వేగంతో విసురుతున్నారే అంటే, ఆ ఏడాదిన్నర వాళ్లు విసరకుండా కాళ్లు, నడుము, భుజం బలం పెంచే కసరత్తు చేస్తారు, 18 ఏళ్ల కుర్రాడైతే ఈలోగా ఒళ్లు కూడా పెరుగుతుంది. ఇక తిరిగి రాలేకపోయినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి లెక్క ఒకవైపే కనిపిస్తుంది.

రెండు చివర్లా ఉదాహరణలు ఉన్నాయి. జస్టిన్ వెర్లాండర్ 2020లో ఆపరేషన్ చేయించుకుని 2022లో తిరిగొచ్చి 39 ఏళ్ల వయసులో సై యంగ్ అవార్డు గెలిచాడు, ఏటా అత్యుత్తమ పిచ్చర్‌కి ఇచ్చేది అది. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2010లో ఆపరేషన్ తర్వాత చాలా బాగా ఆడి 2019 వరల్డ్ సిరీస్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు, దాంతో ఏడేళ్లకి 24.5 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది, ఆ తర్వాత శరీరం సహకరించక ఎనిమిది మ్యాచ్‌లే ఆడగలిగాడు.

ఇప్పుడు ఇంతమందికి ఎందుకు?

మేజర్ లీగ్ పిచ్చర్లలో దాదాపు మూడో వంతు మందికి ఈ ఆపరేషన్ అయి ఉంది. కారణం ఏమిటన్న దానిపై గట్టి వాదనే నడుస్తోంది.

మొదటి అనుమానం వేగం మీద. 2008లో సగటు ఫాస్ట్‌బాల్ వేగం గంటకి 91.3 మైళ్లు, 2024కి 94.2. కిలోమీటర్లలో సుమారు 147 నుంచి దాదాపు 152కి. సగటు అంత పెరిగిందంటే మామూలు పిచ్చర్ కూడా ప్రతి బంతినీ శక్తి మొత్తం కూడగట్టి విసురుతున్నాడని అర్థం. మేజర్ లీగ్ రెండు వందల మందికి పైగా నిపుణులతో మాట్లాడి 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక కూడా వేగం, బంతి తిరుగుడు, ప్రతి బంతికీ పూర్తి బలం అనే ఈ ధోరణినే ప్రధానంగా వేలెత్తి చూపింది.

ఆటగాళ్ల సంఘం దృష్టి వేరు. 2023లో పిచ్ క్లాక్ వచ్చింది, బేస్‌ల మీద (పరుగు తీసే దారిలోని మజిలీల మీద) ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వేయాలి, ఉంటే 20 సెకన్లు, మరుసటి ఏడాది దాన్ని 18కి తగ్గించారు. ఊపిరి తీసుకునే వ్యవధి తగ్గితే కండరాలు తేరుకోవు, అప్పుడు భారం లిగమెంట్ మీద పడుతుందన్నది వాళ్ల వాదన. దాన్ని రుజువు చేసే ఆధారం లేదని లీగ్ అంటోంది. పిచ్ క్లాక్ రాకముందు నుంచే దెబ్బలు పెరుగుతున్నాయన్నది లీగ్‌కి బలమైన పాయింట్. అలాగని అలసటకి పాత్రే లేదని చెప్పడానికీ అది చాలదు. కొద్ది సీజన్ల అంకెలతో ఏళ్ల తరబడి అరిగే లిగమెంట్ గురించి తీర్పు చెప్పడం కష్టం.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. 1960ల్లో ఇదే దెబ్బ తగిలినవాళ్లు ఎవరి లెక్కలోకీ రాకుండా ఇంటికి వెళ్లిపోయారు. ఇప్పుడు ఎమ్మారైలో దొరుకుతోంది, నయం చేసే మార్గం ఉంది, అందువల్ల సంఖ్య కొంత పెరిగినట్టు కనిపిస్తుంది. పైగా ఒక్కో శరీరం ఒక్కో తీరు. నోలన్ రయన్ తన తరంలో అందరికంటే వేగంగా విసిరేవాడు, 27 సీజన్లు ఆడాడు, అతని మోచేతి లిగమెంట్ 1993లో 46 ఏళ్ల వయసులో, కెరీర్ చివరి మ్యాచ్‌లో తెగింది.

నా మట్టుకు నాకు వేగం వాదనే బలంగా అనిపిస్తుంది, దాని వెనక డబ్బు లెక్క ఉంది కాబట్టి. ఒక పిచ్చర్ మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా స్వేచ్ఛగా జట్టు మారలేడు, అంతకుముందు చిన్న లీగుల్లో బస్సుల్లో తిరుగుతూ తక్కువ జీతానికి గడపాలి. పైకి రావాలంటే కొత్త ఆటగాళ్లని వెతికే స్కౌట్ కళ్లకి ముందు కనిపించేది వేగం కొలిచే రాడార్ గన్ మీద అంకె. మేజర్ లీగ్ కనీస జీతం 2025లో 7,60,000 డాలర్లు, అక్కడ ఉండగా గాయపడితే జీతమూ సర్వీసూ రెండూ నడుస్తాయి, చిన్న లీగులో గాయపడినవాడికి ఆ భరోసా లేదు. 22 ఏళ్ల కుర్రాడి వైపు నుంచి చూస్తే, నెమ్మదిగా విసిరి ఎప్పటికీ పైకి రాకపోవడం కంటే, బలంగా విసిరి పైకొచ్చి తర్వాత ఆపరేషన్ చేయించుకోవడమే లాభసాటిగా కనిపిస్తుంది. అతన్ని తప్పుపట్టలేం.

ఒహ్తాని విషయం దీనికి మినహాయింపు. అతను బ్యాటర్ కూడా. పిచింగ్ పూర్తిగా ఆపేసిన 2024లో 54 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి 59 బేస్‌లు దొంగిలించాడు (బ్యాటర్ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరడం), 2025 జూన్‌లో మళ్లీ పిచింగ్ మొదలుపెట్టాడు. ఇక ఆ 70 కోట్లలో ఏటా రావాల్సిన ఏడు కోట్లకిగాను 20 లక్షలే ముందు తీసుకుని మిగతాది ఒప్పందం ముగిశాక తీసుకునేలా రాసుకున్నాడు. డాడ్జర్స్ కొన్నది ఒక్క మోచేతిని కాదు.

పిల్లల చేతులు

నన్ను నిజంగా కలవరపెట్టేది ఇది. 2007 నుంచి 2011 దాకా అమెరికాలో జరిగిన ఈ ఆపరేషన్ల బీమా రికార్డులు పరిశీలిస్తే సగానికి పైగా, 56.7 శాతం, 15 నుంచి 19 ఏళ్ల వాళ్లవే. ఏడాదిలో ఎనిమిది నెలలకి మించి పిచింగ్ చేసే కుర్రాళ్లకి ఆపరేషన్ దాకా వెళ్లే అవకాశం ఐదు రెట్లు ఎక్కువని అలబామాలోని పరిశోధకులు 2006లోనే తేల్చారు. టామీ జాన్ కూడా పెద్దయ్యాక దీనిమీద గట్టిగా మాట్లాడుతూ వచ్చాడు, తన పేరు పిల్లల ఆపరేషన్‌కి ఉండటం అతనికి నచ్చని విషయం.

2014లో వచ్చిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల్లో వయసుని బట్టి రోజుకి ఎన్ని బంతులు, తర్వాత ఎన్ని రోజులు విశ్రాంతి అనేది ఉంది. 11, 12 ఏళ్ల వాళ్లకి రోజుకి 85కి మించకూడదు, 51 నుంచి 65 వేస్తే మూడు రోజులు ఆగాలి, 65 దాటితే నాలుగు. డాలస్ పక్కనో న్యూజెర్సీలోనో ఉన్న ఒక తెలుగు కుటుంబంలో 12 ఏళ్ల పిల్లాడు స్థానిక లీగ్‌కీ, ఊళ్లు తిరిగి ఆడే ట్రావెల్ టీమ్‌కీ ఆడుతున్నాడు అనుకుందాం. శనివారం మొదటి జట్టుకి 60 బంతులు, ఆదివారం రెండో జట్టుకి 50. ఏ కోచ్ పుస్తకం చూసినా 85 దాటలేదు, ఇద్దరూ నియమం పాటించినట్టే. కానీ చెయ్యి ఒక్కటే కదా, శనివారం 60 వేసిన చెయ్యి బుధవారం దాకా బంతి పట్టకూడదు. ఇద్దరు కోచ్‌ల లెక్కలూ కలిపి చూసేవాళ్లు ఇంట్లో తప్ప ఎక్కడా లేరు.

288 విజయాలు, అయినా హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేడు

జాన్ 1989లో, 46 ఏళ్ల వయసులో ఆట ఆపాడు. గొప్ప ఆటగాళ్లకి దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాలంటే నూటికి 75 ఓట్లు కావాలి, పాత్రికేయుల ఓటింగ్‌లో అతనికి వచ్చిన అత్యధికం 2009లో 31.7 శాతం, అదే ఆఖరి అవకాశం. వద్దన్నవాళ్ల వాదన: ఒక్క సై యంగ్ కూడా గెలవలేదు, 300 విజయాల గీత దాటలేదు, ఎక్కువ కాలం ఆడటం వల్ల అంకెలు పోగుపడ్డాయి. కావాలన్నవాళ్లు 287 విజయాలున్న బర్ట్ బ్లైలెవెన్‌నీ 283 ఉన్న జిమ్ కాట్‌నీ చూపిస్తారు, వాళ్లిద్దరూ లోపల ఉన్నారు. బ్లైలెవెన్ స్ట్రైక్‌అవుట్లు చాలా ఎక్కువ కాబట్టి ఆ పోలిక పూర్తిగా కుదరదు. కాట్‌తో మాత్రం కుదురుతుంది. అసలు తెగిన చేతితో ఆట మానేయాల్సిన వయసులో మొదలుపెట్టి 164 గెలవడాన్ని ఎక్కువ కాలం ఆడాడంతే అని తీసిపారేయడం నాకు సబబుగా అనిపించదు.

2024 డిసెంబరులో పాతతరం ఆటగాళ్ల కోసం 16 మంది కమిటీ ఓటు వేసింది. ఎన్నిక కావాలంటే 12 కావాలి. జాన్‌కి ఏడు వచ్చాయి. అదే ఓటింగ్‌లో ఎన్నికైన ఇద్దరిలో ఒకరు, 13 ఓట్లతో, డిక్ ఆలెన్, 1971లో జాన్‌ని ఇచ్చి వైట్ సాక్స్ తెచ్చుకున్న బ్యాటర్.